జంటలో ఒక నక్షత్రం పేలితే రెండోదాని గతేంటి? ఇంటర్ ఫిజిక్స్‌తో మీరే లెక్క వేసుకునే పద్ధతి

జంట నక్షత్రాల్లో ఒకటి సూపర్‌నోవాగా పేలితే పక్కనున్నది ఏమవుతుందని తిరుపతిలో ఏ ఎంపీసీ స్టూడెంట్‌ని అడిగినా దాదాపు ఒకటే జవాబు వస్తుంది, అదీ తునాతునకలైపోతుందని. నిజానికి పక్క నక్షత్రం చాలాసార్లు బతికే ఉంటుంది. తెగేది వాటి మధ్య బంధం, అది కూడా ప్రతిసారీ తెగదు. పేలుడు ఎంత గట్టిగా జరిగిందన్నది ఇక్కడ రెండో ప్రశ్న. పేలిన క్షణంలో ఆ రెండింటి బరువెంత, అందులో ఎంత ఎగిరిపోయింది అన్నదే మొదటి ప్రశ్న. ఈ లెక్కకి ఇంటర్ మొదటి సంవత్సరం గురుత్వాకర్షణ పాఠం, ఒక క్యాలిక్యులేటర్ చాలు. ఎక్సెల్ ఉంటే ఇంకా హాయి.

దీన్ని ఎక్కడో అరుదుగా జరిగే వింత అనుకోకండి. బాగా బరువైన ఓ-రకం నక్షత్రాల్లో 70 శాతానికి పైగా తమ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పక్కదానితో పదార్థం ఇచ్చిపుచ్చుకోవడమో, కలిసిపోవడమో చేస్తాయని 2012లో వచ్చిన పరిశీలనలు తేల్చాయి. అంటే సూపర్‌నోవా గురించి ఒంటరి నక్షత్రం బొమ్మతో చెప్పే పాఠం సగం కథే చెబుతోంది.

అడుగు 1: బరువులు, కాలం, దూరం రాసుకోండి

ద్రవ్యరాశిని సూర్యుడి లెక్కలో (సూర్యుడు = 1), కక్ష్యా కాలాన్ని సంవత్సరాల్లో, దూరాన్ని భూమి–సూర్యుల దూరం లెక్కలో పెట్టుకుంటే కెప్లర్ మూడో నియమం చాలా సులువైపోతుంది: దూరం ఘనం = మొత్తం ద్రవ్యరాశి × కాలం వర్గం. ఇంకే స్థిరాంకాలూ అక్కర్లేదు.

ముందు మనకి బాగా తెలిసిన నక్షత్రం మీద చూద్దాం. పంచాంగంలో రోజూ వినే చిత్త నక్షత్రం కంటికి ఒక చుక్కే, కానీ అది రెండు నక్షత్రాల జంట. ఒకటి సుమారు 11 సూర్యుల బరువు, రెండోది 7. నాలుగు రోజుల్లో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేస్తాయి. నాలుగుని 365.25తో భాగించి, వర్గం చేసి, 18తో గుణించి, ఘనమూలం తీస్తే దూరం 0.13 వస్తుంది, అంటే సుమారు రెండు కోట్ల కిలోమీటర్లు. బుధుడు సూర్యుడికి ఉన్న దూరంలో సగం కూడా లేదు. మనకి సుమారు 250 కాంతి సంవత్సరాల అవతల ఉంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

అడుగు 2: సగం పోయిందా, మిగిలిందా?

మొత్తం విషయం ఈ అడుగులోనే ఉంది, కాబట్టి నిదానంగా చదవండి.

పేలుడు శకలాలు సెకనుకి 10,000 కిలోమీటర్ల చొప్పున గుల్లలా విస్తరిస్తాయి. ఆ గుల్ల రెండో నక్షత్రాన్ని దాటి బయటికి వెళ్లిపోయాక దాని గురుత్వాకర్షణ లోపలున్న జంట మీద పనిచేయదు, ఎందుకంటే గోళాకార గుల్ల లోపల గురుత్వ క్షేత్రం సున్నా (ఇదీ ఇంటర్ పాఠమే). అంటే రెండు నక్షత్రాలనీ కట్టి ఉంచిన బరువులో కొంత భాగం ఉన్నట్టుండి మాయమైనట్టే. కానీ వాటి వేగాలు మాత్రం ఆ క్షణంలో ఎంత ఉన్నాయో అంతే ఉంటాయి.

ఒకే దూరంలో వృత్తాకారంగా తిరగడానికి కావాల్సిన వేగం మొత్తం ద్రవ్యరాశి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ద్రవ్యరాశి సగమైతే కావాల్సిన వేగం రూట్ 2 వంతు తగ్గుతుంది. ఉన్న వేగం తగ్గలేదు కదా, కాబట్టి అది ఇప్పుడు కావాల్సిన దానికి రూట్ 2 రెట్లు. కక్ష్యా వేగానికి రూట్ 2 రెట్లు అంటే ఏంటి? పలాయన వేగం! అందుకే వృత్తాకార కక్ష్యలో ఉన్న జంట మొత్తం బరువులో సగం కన్నా ఎక్కువ ఒక్కసారిగా పోతే జంట విడిపోతుంది, సగం లోపు పోతే అతుక్కునే ఉంటుంది. రన్‌అవే నక్షత్రాలు (అంతరిక్షంలో ఒంటరిగా వేగంగా దూసుకుపోయేవి) ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పడానికి డచ్ శాస్త్రవేత్త అడ్రియాన్ బ్లావ్ 1961లో వాడిన తర్కం ఇదే.

చిత్తకి పెట్టి చూడండి. ఇప్పుడున్నది ఉన్నట్టుగా 11 సూర్యుల నక్షత్రం పేలి 1.4 సూర్యుల న్యూట్రాన్ స్టార్ (పేలాక మిగిలే చిన్న, విపరీతంగా దట్టమైన గుండె) మిగిలితే, పోయింది 9.6. మొత్తం 18లో సగం 9. దాటిపోయింది, జంట తెగిపోవాలి.

ఇంకో చిన్న మాట. కక్ష్య ముందే దీర్ఘవృత్తమైతే, అవి దగ్గరగా ఉన్నప్పుడు పేలితే సగం కన్నా తక్కువ పోయినా తెగొచ్చు, దూరంగా ఉన్నప్పుడు పేలితే సగం దాటినా నిలవొచ్చు. చిత్త కక్ష్య కూడా కొంచెం సాగినదే కాబట్టి పై లెక్కని ఉజ్జాయింపుగా తీసుకోండి.

అడుగు 3: పేలుడుకి ముందు కథ అడగండి

చాలామంది ఈ అడుగు వదిలేస్తారు, దాంతో జవాబు తలకిందులవుతుంది. చిత్తలో 11 సూర్యుల నక్షత్రం ఉన్నది ఉన్నట్టుగా పేలదు. దగ్గరి జంటల్లో బరువైనది ముందు ముసలిదై ఉబ్బుతుంది, ఉబ్బి తన గురుత్వ హద్దు, అంటే రోష్ లోబ్, దాటేసరికి పైపొరల్లోని హైడ్రోజన్ పక్కదాని మీదకి ప్రవహిస్తుంది. లక్షల కోట్ల టన్నులు కాదు, సూర్యుళ్లకి సూర్యుళ్లే చేతులు మారతాయి. చివరికి దాత దగ్గర హీలియం గుండె మాత్రమే మిగులుతుంది, పుచ్చుకున్నది దానికన్నా ఎన్నో రెట్లు బరువెక్కి, గిర్రున తిరగడం మొదలెడుతుంది.

ఇది ఊహ కాదు. ఆల్గాల్ అనే నక్షత్రంలో 0.7 సూర్యుల బరువున్నది ముసలిది, 3.2 ఉన్నది ఇంకా యవ్వనంలో ఉంది. బరువైనది ముందు ముసలిదవ్వాలి కదా, మరి ఇదెలా? బరువులు తారుమారయ్యాయి కాబట్టే.

సూపర్‌నోవా వచ్చేసరికి పేలేది జంటలో తేలికైనది. అది ఎంత గొప్పగా పేలినా మొత్తంలో సగం పోవడం కష్టం. చిత్త లాంటి జంటలో దాత 3 సూర్యులకి తగ్గి, రెండోది 15కి పెరిగిందనుకోండి (చిత్త కచ్చితంగా ఇలాగే నడుస్తుందని కాదు, లెక్క కోసం). పోయేది 1.6, సగం 9. దరిదాపుల్లో కూడా లేదు. అదే జంట, అదే మొత్తం బరువు, జవాబు మాత్రం పూర్తిగా ఉల్టా. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే: పేలుడు ఫలితం పేలుడుకి ఎంతో ముందే నిర్ణయమైపోతుంది.

ఇలా హైడ్రోజన్ పొర ఊడిపోయిన నక్షత్రాలు పేలితే వాటి వర్ణపటంలో హైడ్రోజన్ కనిపించదు, వాటినే టైప్ 1బి, 1సి అంటారు. కాస్త హైడ్రోజన్ మిగిలితే 2బి. మన శ్రీహరికోట నుంచి 2024 జనవరి 1న వెళ్లిన ఇస్రో ఉపగ్రహం ఎక్స్‌పోశాట్‌లోని ఎక్స్‌స్పెక్ట్ పరికరం మొదట చూసిన కాసియోపియా ఎ అనే సూపర్‌నోవా శకలం 2బి రకమే. దాని పైపొరల్ని ఊడ్చింది జంట నక్షత్రమే అయితే అదెక్కడ అని వెతికారు, అక్కడ బతికున్న నక్షత్రం ఏదీ దొరకలేదు. ఆ ముడి ఇంకా విడలేదు.

అడుగు 4: కొత్త కక్ష్య లెక్క

ఇప్పుడు ఒక ఊహా జంట తీసుకుని చివరిదాకా లాగుదాం. పేలబోయే హీలియం నక్షత్రం 4 సూర్యులు, పక్కది 16, కక్ష్యా కాలం 6 రోజులు, వృత్తాకారం. (పదార్థం మారే దశలో ఆటుపోటు బలాలు కక్ష్యని గుండ్రంగా చేస్తాయి, కాబట్టి వృత్తం అనుకోవడం తప్పేం కాదు.)

కెప్లర్ నియమంతో దూరం 0.175, అంటే 2.62 కోట్ల కిలోమీటర్లు. ఆ వృత్తం చుట్టుకొలతని 6 రోజుల సెకన్లతో భాగిస్తే సాపేక్ష వేగం సెకనుకి 318 కిలోమీటర్లు. తేలికది ఎక్కువ వేగంతో తిరుగుతుంది కాబట్టి 318లో 16/20 వంతు, అంటే 254 హీలియం నక్షత్రానిది. మిగతా 64 పక్కదానిది.

పేలింది. 1.4 న్యూట్రాన్ స్టార్ మిగిలింది, 2.6 పోయింది, కొత్త మొత్తం 17.4. ఇక మూడు సూత్రాలు:

ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగిందో చెప్పే అంకె, వృత్తానికి 0) = పోయిన ద్రవ్యరాశి ÷ మిగిలిన మొత్తం. ఇక్కడ 2.6 ÷ 17.4 = 0.15.

కొత్త సగటు దూరం = పాత దూరం × కొత్త మొత్తం ÷ (కొత్త మొత్తానికి రెట్టింపు − పాత మొత్తం). 0.175 × 17.4 ÷ 14.8 చేస్తే 0.206. మళ్లీ కెప్లర్‌లో పెడితే కాలం 8.2 రోజులు.

జంట మొత్తానికి వచ్చే వేగం = ఉత్కేంద్రత × పేలిన నక్షత్రం కక్ష్యా వేగం. 0.15 × 254 = సెకనుకి 38 కిలోమీటర్లు. ఎగిరిపోయిన పదార్థం పేలిన నక్షత్రం వేగాన్ని తనతో పట్టుకుపోయింది, ద్రవ్యవేగం నిత్యంగా ఉండాలి కాబట్టి మిగిలిన జంట ఎదురు దిశలో కదలాల్సిందే.

ఒకసారి సరిచూసుకోండి, "ఒక్కసారిగా" అన్న మన ఊహ సరైనదేనా అని. శకలాలు 2.62 కోట్ల కిలోమీటర్లు దాటడానికి 44 నిమిషాలు పడుతుంది. కక్ష్య 6 రోజులు. సరిపోయింది.

ఎక్సెల్‌లో పెట్టేవాళ్లు పాత బరువులు రెండు, పేలాక మిగిలిన శవం (న్యూట్రాన్ స్టార్) బరువు, కాలం, ఈ నాలుగు సెల్స్ ఇన్‌పుట్‌గా ఉంచి మిగతావన్నీ ఫార్ములాలతో రప్పించండి. టెస్ట్ చేయడానికి ముందు ఏమీ పోలేదని పెట్టండి, కక్ష్య మారకూడదు. తర్వాత సరిగ్గా సగం పోయిందని పెట్టండి, సున్నాతో భాగించినట్టు ఎర్రర్ రావాలి. సగం దాటిస్తే దూరం రుణాత్మకం అవ్వాలి. ఈ మూడూ వస్తే మీ షీట్ కరెక్ట్.

అడుగు 5: కిక్ కలపండి

పేలుడు అన్ని వైపులా సమానంగా జరగదు, దాంతో పుట్టిన న్యూట్రాన్ స్టార్‌కి ఒక తోపు తగులుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని కిక్ అంటారు. ఒంటరిగా తిరుగుతున్న పల్సార్ల (క్రమం తప్పకుండా మెరిసే న్యూట్రాన్ స్టార్ల) వేగాలు సగటున సెకనుకి 400 కిలోమీటర్ల దాకా ఉన్నాయంటే ఆ తోపు ఎంతటిదో అర్థమవుతుంది. సగం నియమం ప్రకారం నిలవాల్సిన జంటలు కూడా ఎన్నో తెగిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

మన జంటలో పేలుడు తర్వాత పలాయన వేగం ఎంత? 318ని (2 × 17.4/20) వర్గమూలంతో గుణిస్తే సుమారు 420. కిక్ కలిశాక సాపేక్ష వేగం ఇది దాటకూడదు. 200 కిలోమీటర్ల కిక్ తీసుకుని దిశ మార్చి చూద్దాం.

ముందుకి, అంటే తిరిగే దిశలోనే తగిలితే 518. తెగిపోయింది.

కక్ష్యా తలానికి లంబంగా, పైకి తగిలితే 318, 200 వర్గాల మొత్తానికి వర్గమూలం, 376. నిలిచింది, కానీ కక్ష్య 32 డిగ్రీలు వాలిపోయింది. పక్క నక్షత్రం తన పాత ఇరుసు మీదే తిరుగుతుంటే న్యూట్రాన్ స్టార్ ఏటవాలుగా చుట్టూ తిరుగుతుంది.

వెనక్కి తగిలితే 118కి పడిపోతుంది. హమ్మయ్య, నిలిచింది అనుకుంటాం కదా, అక్కడే ఆగకండి, కొత్త కక్ష్యలో అతి దగ్గరి దూరం కూడా చూడండి. ఉత్కేంద్రత 0.84 వచ్చి, దగ్గరి దూరం పాతదాంట్లో 9 శాతానికి, అంటే సుమారు 3 సౌర వ్యాసార్థాలకి పడిపోతుంది. పక్క నక్షత్రం వ్యాసార్థమే 7 దాకా ఉంటుంది. న్యూట్రాన్ స్టార్ నేరుగా దాని కడుపులోకి దూరిపోతుంది! ఇలా లోపల న్యూట్రాన్ స్టార్ ఉన్న వింత నక్షత్రాలు ఉండొచ్చని కిప్ థోర్న్, అన్నా జిట్కోవ్ 1970లలోనే లెక్కలు వేశారు. అదే వెనక్కి 100 మాత్రమే తగిలితే ఉత్కేంద్రత 0.46, దగ్గరి దూరం 14 సౌర వ్యాసార్థాలు, జంట క్షేమం. కాబట్టి షీట్‌లో కిక్ కలిపేటప్పుడు "నిలిచిందా" అనే కాలమ్ పక్కన "గుద్దుకుందా" అనే కాలమ్ తప్పకుండా పెట్టుకోండి.

అడుగు 6: పక్క నక్షత్రానికి తగిలే దెబ్బ

శకలాల్లో ఎంత భాగం పక్క నక్షత్రానికి తగులుతుందో తెలియాలంటే దాని వ్యాసార్థాన్ని దూరానికి రెట్టింపుతో భాగించి వర్గం చేయండి. మన జంటలో దూరం సుమారు 37.5 సౌర వ్యాసార్థాలు, దానికి రెట్టింపు 75, కాబట్టి 7 ÷ 75, వర్గం చేస్తే 0.9 శాతం లోపు. పేలుడు గతిజశక్తి సుమారు 10 ఘాతం 44 జౌల్స్, అందులో ఈ వాటా సూర్యుడు ఏడు కోట్ల సంవత్సరాల్లో వెదజల్లే శక్తితో సమానం. వినడానికి భయంకరంగా ఉంది, కానీ 16 సూర్యుల నక్షత్రాన్ని చెల్లాచెదురు చేయడానికి కావాల్సిన శక్తితో పోలిస్తే కొన్ని శాతమే. పైపొర కొంత ఊడుతుంది, వేడెక్కి ఉబ్బుతుంది, తర్వాత కొన్నేళ్లకి సర్దుకుంటుంది.

ఆ ఉబ్బుని దాదాపు కళ్లారా చూసినట్టే చూపించింది 2022లో ఎన్‌జీసీ 157 గెలాక్సీలో కనిపించిన సూపర్‌నోవా 2022జేఎల్ఐ. దాని వెలుగు తగ్గుతూ తగ్గుతూ ప్రతి 12.4 రోజులకి ఒకసారి చిన్నగా పెరిగి తగ్గింది. ఉబ్బిన పక్క నక్షత్రం దగ్గరికి కొత్తగా పుట్టిన న్యూట్రాన్ స్టారో బ్లాక్ హోలో వచ్చినప్పుడల్లా పదార్థాన్ని లాక్కుంటోందని దానికి వివరణ. పేలుడుని తట్టుకుని నిలిచిన జంటని ఆ పేలుడు వెలుగులోనే పట్టుకోవడం మామూలు విషయం కాదు.

అడుగు 7: తెగిపోతే

రెండో నక్షత్రం దాదాపు తన పాత కక్ష్యా వేగంతో సరళరేఖలో వెళ్లిపోతుంది. మన జంటలో అది సెకనుకి 64 కిలోమీటర్లు. సెకనుకి 30 దాటితే రన్‌అవే అంటారు. దూరపు జంటల నుంచి వచ్చేవి అంతకన్నా నెమ్మదిగానే కదులుతాయి.

మంచి ఉదాహరణ జీటా ఓఫియుకి. జ్యేష్ఠ నక్షత్రానికి నేరుగా ఉత్తరాన 16 డిగ్రీల దూరంలో, మామూలు కంటికే కనిపిస్తుంది. సుమారు 20 సూర్యుల బరువు, తన చుట్టూ తాను సెకనుకి 400 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది, ముందు ధూళిలో విల్లు ఆకారపు తాకిడి అల ఇన్‌ఫ్రారెడ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తిరుగుడు అడుగు 3లో పుచ్చుకున్న పదార్థం గుర్తు. ఒక పల్సార్ దారినీ దీని దారినీ వెనక్కి గీస్తే దాదాపు 18 లక్షల ఏళ్ల కిందట ఒకే చోట కలుస్తాయని 2020లో లెక్క తేల్చారు.

వైట్ డ్వార్ఫ్ (ఇంధనం అయిపోయిన చిన్న, దట్టమైన నక్షత్రం) పేలే టైప్ 1ఎలో శవం కూడా మిగలదు, పక్కది తప్పనిసరిగా విడుదలవుతుంది. కక్ష్య మరీ ఇరుకైతే వేగం కూడా మరీ ఎక్కువ: యూఎస్ 708 అనే చిన్న హీలియం నక్షత్రం సెకనుకి 1,200 కిలోమీటర్లతో గెలాక్సీనే వదిలి పోతోంది.

అడుగు 8: రెండో పేలుడు, వెనక్కి లెక్క

నిలిచిన జంటలో కొన్నాళ్లకి రెండో నక్షత్రం వంతు వస్తుంది. ఈసారి పక్కన 1.4 సూర్యుల న్యూట్రాన్ స్టార్ మాత్రమే ఉంది కాబట్టి ఆదుకునే బరువు లేదు. హీలియం నక్షత్రం 2.8 అయితే ఉత్కేంద్రత 0.5, 4.2 అయితే సరిగ్గా 1, అంటే తెగే అంచు.

ఇదే సూత్రాన్ని తిప్పి వాడండి: ఉత్కేంద్రత × ఇప్పటి మొత్తం = పోయిన ద్రవ్యరాశి (కిక్ లేదనుకుంటే). 1974లో దొరికిన హల్స్–టేలర్ జంట (రెండు న్యూట్రాన్ స్టార్లు) ఉత్కేంద్రత 0.617, మొత్తం 2.83, కాబట్టి పోయింది 1.75. 2003లో దొరికిన డబుల్ పల్సార్‌కి ఉత్కేంద్రత 0.088, మొత్తం 2.59, పోయింది పావు సూర్యుడి లోపే. అంత నెమ్మదైన పుట్టుక! ఇంకా నెమ్మదైనది వీఎఫ్‌టీఎస్ 243: బ్లాక్ హోల్, 25 సూర్యుల నక్షత్రం, 10.4 రోజుల కక్ష్య, ఉత్కేంద్రత 0.017 మాత్రమే. అక్కడ చెప్పుకోదగ్గ పేలుడే జరగలేదని, పోయిన కొంచెం కూడా ఎక్కువగా న్యూట్రినోలుగా పోయిందని శాస్త్రవేత్తల అంచనా.

అడుగు 9: బయటికెళ్లి ఒకదాన్ని చూడండి

తిరుపతికి కొండ ఉత్తరాన ఉంది, దక్షిణం తెరిచి ఉంటుంది, మనకి కావాల్సిందీ దక్షిణమే. ఊరి లైట్లు వెనకపడేలా చిత్తూరు రోడ్డులో గాదంకి దాటి వెళ్తే చాలు. ఈశాన్య రుతుపవనాల మబ్బులు ఎప్పుడో పోయి ఉంటాయి కాబట్టి మార్చి 20 చుట్టుపక్కల, చంద్రుడు లేని రాత్రి, 9 దాటాక చూడండి.

దక్షిణానికి కాస్త పడమరగా, కిందకి దిగిపోతూ బాగా వెలుగుతున్నది అగస్త్య నక్షత్రం. దానికి ఎడమవైపు పైన గామా వెలోరమ్ ఉంటుంది, అదీ 78.5 రోజుల దగ్గరి జంటే, అందులో పైపొరలు ఊడిన నక్షత్రం పేలుడుకి సిద్ధమవుతోంది. అక్కణ్నుంచి ఇంకా ఎడమకి, పైకి, చేయి చాపి పిడికిలి పట్టినంత దూరంలో నారింజ రంగు లామ్డా వెలోరమ్. దానికి రెండు వేళ్ల మందం పైన, కొంచెం కుడిగా బైనాక్యులర్‌తో వెతికితే 6.9 ప్రకాశ పరిమాణం ఉన్న చిన్న చుక్క దొరుకుతుంది. మ్యాప్ యాప్‌లో హెచ్‌డీ 77581 అని కొట్టి సరిచూసుకోండి. అదే వీలా ఎక్స్-1 జంటలోని పెద్ద నక్షత్రం. 283 సెకన్లకోసారి ఎక్స్-రేలతో మెరిసే న్యూట్రాన్ స్టార్ దాని చుట్టూ 8.96 రోజులకోసారి తిరుగుతోంది, ఆ జంట మొత్తం అంతరిక్షంలో దూసుకుపోతూ ముందు తాకిడి అలని తోస్తోందని 1997లో కనుక్కున్నారు. అడుగు 4లో మనకొచ్చిన 8.2 రోజుల జంటని ఒకసారి పక్కన పెట్టి చూడండి.

దీని ఉత్కేంద్రత 0.09, మొత్తం బరువు 26 సూర్యుల చుట్టుపక్కల. గుణిస్తే పేలుడులో పోయింది 2.3 సూర్యులు. కిక్ లేదనుకుంటేనే ఈ అంకె. పైగా ఆటుపోటు బలాలు అప్పటి నుంచి కక్ష్యని కొంత గుండ్రంగా చేసి ఉంటాయి, కాబట్టి అసలు పోయింది ఇంకా ఎక్కువే అయ్యుండొచ్చు.